ఫిల్ము కడిగే గంట

గంట అన్నాడు ఫొటో షాపు సగ్రెన్, గంటంటే గంటే ఆంటీ, ఎక్కడికైనా వెళ్ళి టీ తాగి రండి అన్నాడు. కానీ వసంతి ఎక్కడికీ వెళ్ళలేదు. గాజు తలుపు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, ఖాళీ కెమెరాని ఒళ్ళో పెట్టుకుని, దాని తోలు పట్టీని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది. కౌంటరు వెనక బీరువా అంత మెషీను గుర్రుమంటోంది. ఆ మెషీను పొట్టలో, చీకట్లో, ఏవో మందునీళ్ళలో నానుతూ అక్క ముఖం ఉంది. ఉందో లేదో. బయట ఆర్కేడ్‌లో చీరల దుకాణంవాడు తానులు పరుస్తున్నాడు, అగరొత్తుల వాసన, పక్క సందులోంచి వేగుతున్న సమోసాల వాసన, గ్రే స్ట్రీట్ మీద టాక్సీల హారన్లు, దీపస్తంభాలకి వేలాడుతున్న ఎన్నికల పోస్టర్లు, తెల్లవాళ్ళ రాజ్యం పోయాక రెండోసారి ఓటు, మొదటిసారి వేసి అప్పుడే అయిదేళ్ళయిందా. ఇవన్నీ ఒక్కొక్కటీ వచ్చి వసంతి కళ్ళకి తగిలి జారిపోతున్నాయి, ఏదీ లోపలికి దిగడం లేదు. లోపల ఒకటే ఉంది: ఊరికి ఆ చివర పెద్దాసుపత్రిలో, ఇదే గంటలో, తెల్లటి దీపాల కింద అక్క ప్రేమీ నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఎంత కొయ్యాలో తెరిచి చూస్తేగాని తెలీదన్నాడు డాక్టరు. నాలుకలో కొంచెమే కావచ్చు, సగం కావచ్చు, దవడ ఎముక దాకా పోయి ఉంటే అదీ తియ్యాలి, అప్పుడు ముఖం ఒక పక్కకి జారుతుంది, దానికి మీరు సిద్ధంగా ఉండాలమ్మా అన్నాడు. దేనికైనా సిద్ధంగా ఉండడమంటే ఏమిటో వసంతికి ఈ వయసులోనూ అర్థం కాలేదు.

పొద్దున వార్డులో ప్రేమీని తోపుడు మంచం మీదికి ఎక్కించేటప్పుడు వసంతి ఆమె చెయ్యి వదల్లేదు. అక్క చెయ్యి, కొత్తిమీర కట్టలు కట్టి కట్టి గోళ్ళ కింద ఎప్పటికీ పోని పచ్చదనం ఉన్న చెయ్యి. "ఏటే, నువ్వీడ కూకుని ఏం సేత్తావు?" అంది ప్రేమీ, వాచిన నాలుకతోనే. "నా నోరు నువ్వు కోత్తావా? ఎల్లు, ఎల్లి ఫోటోలు తే. నాను కళ్ళు తెరిసేటప్పటికి నా పాత మొగం నాకు సూపించాల. లేపోతే నీ తాట తీత్తాను." జూలూ నర్సుకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వింది. తిట్టు ఏ భాషలోదైనా తిట్టని తెలిసిపోతుంది కదా. ప్రేమీ కొడుకు జివేష్, నలభయ్యో పడిలో ఉన్నవాడు, గోడకి జారబడి చేతిలో సెల్‌ఫోను నలుపుకుంటూ, వెళ్ళండి సిన్నమ్మా, నేనున్నాగా, ఫొటో షాపు నంబరు ఇవ్వండి, ఏ సంగతైనా అక్కడికే చేస్తాను అన్నాడు ఇంగ్లీషులో. వాడికి తెలుగంటే తల్లి తిట్లు, దేవుడి దగ్గర చదివే నాలుగు ముక్కలు, పప్పు, పులుసు, సిన్నమ్మ. వసంతికి అంతకంటే కొంచెం ఎక్కువ వచ్చు గాని సగం వాక్యంలో ఇంగ్లీషులోకి జారిపోతుంది. ప్రేమీ జారదు. అమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంది, అమ్మ దగ్గర పెరిగింది గనక, వసంతి పుట్టేసరికే అమ్మకి ఓపిక అయిపోయింది గనక. ఆ నాలుకని ఇప్పుడు కత్తితో... వద్దు. మెషీను చప్పుడు విను. వింటే ఇంకో భయం.

ఇంకో భయం ఎవరికీ చెప్పలేదు, జివేష్‌కి కూడా. ఫిల్ము సరిగ్గా ఎక్కిందో లేదో. శనివారం తెల్లవారకముందే వంటింట్లో గుడ్డి దీపం కింద ఎక్కించింది, బయట జివేష్ తన బక్కీ ట్రక్కు హారను కొడుతున్నాడు, సంతకి ఆలస్యమైపోతోందని ప్రేమీ వెనక చక్రం మీద కాలు పెట్టి బండెక్కుతూ కేకలేస్తోంది, వసంతి ఫిల్ము నాలుకని ఆ సన్నటి చీలికలో దోపి, పళ్ళకి తగిలించి, మూత వేసేసింది. వేసి, మీట తిప్పినప్పుడు ఈ పక్క గుండీ తిరుగుతోందో లేదో చూసిందా? మూడో పాఠంలో ఉన్నదే అది. ఆ గుండీ తిరిగితేనే లోపల ఫిల్ము నడుస్తున్నట్టు, లేకపోతే మీరు రోజంతా ఖాళీ చీకటికి ఫొటోలు తీస్తున్నట్టు అని ఎంత స్పష్టంగా రాసిందో పాఠాలు చెప్పే హెలెన్. చూసిందా? గుర్తు లేదు. ఆదివారం సాయంత్రం ఆఖరి ఫొటో తీశాక మీట ఆగాలి, ఫిల్ము అయిపోయింది గనక. ఆగలేదు. ఇంకోసారి తిప్పింది, వెళ్ళింది. ఆపేసి వెనక్కి చుడితే ఎంతో తేలిగ్గా తిరిగింది. దుస్తుల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు కాలర్లు కుట్టిన చెయ్యి అది, ఆ తేలికదనం దానికి బాగా తెలుసు: కింద బాబిన్‌లో దారం అయిపోయినా మెషీను కుడుతూనే ఉన్నట్టుంటుంది, చప్పుడూ అదే, సూదీ అలాగే దిగి లేస్తుంది, గుడ్డ బయటికి లాగి చూస్తేగాని తెలీదు కుట్టే పడలేదని. కాలరయితే ఇంకోసారి కుట్టొచ్చు. ఈ ఉదయం కత్తి కింద ఉన్న ముఖాన్ని ఇంకోసారి ఎక్కడ తీస్తావు వసంతీ.

ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున అందరూ ఏడ్చారు గాని వసంతి ఏడవలేదు. ఓడల్లో దిగిన చవక చొక్కాలు మన చొక్కాల్ని మింగేశాయని మేనేజరు చెబుతున్నంతసేపూ ఆమె తన మెషీను మీద మడతపెట్టి ఉన్న సగం కాలర్ని చూస్తూ కూర్చుంది, దీన్ని ఎవరు ముగిస్తారు అనుకుంటూ. ఆ తర్వాత ఇంట్లో చేతులు ఖాళీ. మొగుడు డొరసామి పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది, మెరీబ్యాంక్‌లో అక్క ఇంట్లోనే వెనక గది. కొత్త రాజ్యం వచ్చింది, అందరికీ తలుపులు తెరుచుకున్నాయంటున్నారు, నా తలుపు మాత్రం మూసుకుందేమిటి అని ఒక్కసారి, ఒక్కసారే, పైకి అంది. ఆ మాట జివేష్ భార్య తారిషా చెవిన పడింది. తారిషా బడిలో కంప్యూటర్లు చెబుతుంది. ఆంటీ, అంకుల్ కెమెరా బీరువాలో పడి ఉంది కదా, ఇంటర్నెట్లో ఒకావిడ క్లాసు చెబుతోంది చూడండి అంది. డొరసామి హార్బరులో పనిచేసేటప్పుడు ఓ జపాను నావికుడి దగ్గర కొన్నదది, ఓడల్ని తప్ప మరి దేన్నీ తియ్యలేదు మహానుభావుడు, పెళ్ళాన్ని కూడా. సాయంత్రం ఫోను తీగ కంప్యూటరుకి తగిలిస్తే అది పిల్లి తోక తొక్కినట్టు కీచుమని అరిచి, గరగరలాడి, ఊరుకునేది. అప్పుడు పాఠం వచ్చేది. బొమ్మలు ఒక్కసారిగా రావు, పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతాయి, ముందు ఆకాశం, ఆ తర్వాత కొండ తల, ఆ తర్వాత గొర్రెలు, గొర్రెల కాళ్ళు వచ్చేసరికి ప్రేమీ వచ్చేది. "మళ్ళీ ఫోను ఎంగేజ్ పెట్టేసినావా? సంతలో నా పక్క కొట్టు రోజ్ ఎన్నిసార్లు కొట్టిందో తెలుసా? ఆ డబ్బాలో ఏముందే అంత సూడ్డానికి, మొగుడున్నాడా?" గొర్రెల కాళ్ళు చూస్తున్నానక్కా అంటే, గొర్రెకి గొర్రె తోడు అని గొణుక్కుంటూ వంటింట్లోకి పోయేది. కాసేపటికి టీ గ్లాసు తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టి, నిలబడి, తనూ చూసేది.

హెలెన్ ఎక్కడో చలిదేశంలో ఓ దీవిలో ఉంటుంది. ఒకప్పుడు పత్రికలకి ఫొటోలు తీసేదట. ఆమె మొదటి పాఠంలో కెమెరానే లేదు. ఇంట్లో ఒక వస్తువు ఎంచుకుని దాని మీద వెలుగు ఎలా నడుస్తుందో పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా చూడండి, చూసింది రాసి పంపండి, అంతే. వసంతి సొట్టపడ్డ ఎనామిల్ చెంబుని చూసింది. ముప్ఫయ్యేళ్ళు కుట్టునే చూసిన కళ్ళు, ట్యూబులైటు కింద పగలూ రాత్రీ ఒకటే అయిన కళ్ళు, ఆ చెంబు అంచున పొద్దున నీలంగా, మధ్యాహ్నం సూదిమొనలా, సాయంత్రం రిఫైనరీ పొగలోంచి వచ్చిన ఎండలో పండిన మామిడిపండులా మారిన వెలుగుని చూసి, ఇన్నాళ్ళూ ఇది మన వంటింట్లోకే వచ్చి పోతోందా అని నోరు వెళ్ళబెట్టింది. ఆ తర్వాత ఫొటోలు. తారిషా వాటిని బడిలో స్కాను చేసి తెస్తే పంపేది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు, బడి వదిలాక పిల్లలు, గుడి మెట్ల మీద ఆడవాళ్ళు. ఒక వారం హెలెన్ రాసింది: వసంతీ, నీ వెలుగు బాగుంది, నీ చట్రం బాగుంది, కానీ నీ ఫొటోల్లో మనుషులంతా నీకు వీపు పెట్టి వెళ్ళిపోతున్నారు. ఎందుకు అంత దూరంలో నిలబడతావు? ఆ రాత్రి పడుకున్నాక వసంతికి జవాబు దానంతటదే వచ్చింది. చిన్నప్పుడు క్లేర్‌వుడ్‌లో వాళ్ళ రేకుల ఇల్లు, ఇంటి ముందు అమ్మ ముల్లంగి మడులు, ఓ మధ్యాహ్నం రోడ్డుకి అవతల కారు దిగిన తెల్లవాడు, టోపీ, మూడుకాళ్ళ కెమెరా. రోడ్డు దాటలేదు. ఎవరినీ పలకరించలేదు. ఇంటిని తీశాడు, మడుల్ని తీశాడు, గుమ్మంలో నిలబడ్డ అమ్మనీ ఇద్దరు పిల్లల్నీ ఆ ఇంటిలో భాగంగా తీశాడు, కారెక్కి పోయాడు. అమ్మ చీర సర్దుకుంది, ఫొటో వస్తుందనుకుంది. కొన్నాళ్ళకి, ఆ నేల ప్రభుత్వానికి కావాలి, ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికి ఇంకొకడు వచ్చాడు. కెమెరా అంటే వసంతికి రోడ్డు అవతలి మనిషే. తన చేతికి వచ్చాక తనూ వెళ్ళి రోడ్డు అవతలే నిలబడింది, వాడిలా కాకూడదని జంకుతూ, వాడు నిలబడ్డ చోటే.

ఇది రాయలేక, ఊరికే, చిన్నప్పుడొకడు మమ్మల్ని అడక్కుండా తీశాడు అని మాత్రం రాసింది. హెలెన్ నుంచి ఒక్క ముక్క వచ్చింది: అయితే నువ్వు అడుగు. ఆ శనివారం చాట్స్‌వర్త్ సంతలో వసంతి మొట్టమొదట రోజ్‌ని అడిగింది. ప్రేమీ కూరల కొట్టు పక్కనే రోజ్ కొట్టు, మడుంబీలు, అంటే చామదుంపలే, గుట్టగా పోసుకుని కూర్చుంటుంది ఉమ్లాజీ నుంచి వచ్చే ఆ జూలూ ఆవిడ. ఇద్దరూ ఒకే గొడుగు కింద ఏళ్ళ తరబడి అమ్ముతున్నారు, ఇద్దరి మాటా కలిసిపోయి అది జూలూనో తెలుగో పనిచోట్ల కలగూర భాష ఫనకాలోనో ఎవరికీ తెలీకుండా తయారైంది. రోజ్, నీ ఫొటో తియ్యనా అని వసంతి అడిగితే, రోజ్ చేతిలో దుంప కింద పెట్టి, "ఎప్పుడడుగుతావో అనుకుంటున్నా సిసీ," అంది, సిసీ అంటే అక్కచెల్లెలే, "నా వెనకాల తెగ తీశావుగా. నా వీపు అంత బాగుంటుందా?" నవ్వి నవ్వి ప్రేమీకి దగ్గొచ్చింది. ఆ దగ్గుతో పాటు కొంచెం రక్తం. పన్ను గీసుకుందంది. లవంగం నూనె రాసింది, పసుపు పెట్టింది, సంతలో కేకలెయ్యడం మాత్రం మానలేదు. మాననిది ఆ పుండు కూడా. పంటి డాక్టరు చూసి తన చేతులు కడుక్కుని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. చేతులు అంతసేపు కడుక్కున్నాడేమిటా అనుకుంది వసంతి. అప్పుడే తెలిసిపోయింది.

ఎవరో భుజం తట్టారు. తెల్ల బొట్ల తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ, జూలూల మాటలో గోగో, చేతిలో ఇప్పుడే కత్తిరించి ఇచ్చిన చిన్న ఫొటోలు, కొత్త ఐడి పుస్తకం కోసం, అది లేకపోతే ఓటు లేదంటున్నారు. "ఇది నేనేనా?" అని అడిగింది, నిజంగానే అడిగింది, కళ్ళు చికిలించి. వసంతి ఫొటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, నువ్వే గోగో, గడ్డం కొంచెం ఎత్తి ఉంటే ఇంకా బాగుండేది అంది. ఆవిడ గడ్డం ఎత్తి, అద్దంలో చూసుకున్నట్టు గాజు తలుపులో చూసుకుని, సంతోషంగా వెళ్ళిపోయింది. ప్రేమీ ఐడి పుస్తకంలో ఫొటో కూడా అంతే, కోడిని ఎత్తుకుపోతూ దొరికిపోయిన దానిలా ఉంటుంది. అందుకే ఈ గొడవంతా మొదలైంది. ఆపరేషను రోజు చెప్పిన సాయంత్రం దేవుడి గూట్లో దీపం పెట్టి, పక్క గోడ మీద దండ వేసిన అమ్మ ఫొటో, బావ ఫొటో చూస్తూ నిలబడి, "నాను పోతే ఆ ఐడి ఫోటో పెద్దది సేసి ఎయ్యకండి," అంది ప్రేమీ. "పోకపోయినా ఈ మొగం ఉండదంటన్నారు. నువ్వు నేర్సుకున్నావుగా ఆ డబ్బాలో. తియ్యి, ఏం తీత్తావో సూత్తాను." ఎంత మామూలుగా అందంటే, మిరపకాయలు కొయ్యి అన్నట్టే. వసంతి మాత్రం ఆ రాత్రి హెలెన్‌కి రాసింది, రేపు కాదు ఎల్లుండి కాదు, ఈ శనివారం, ఆదివారం, అంతే, నేనేం చెయ్యాలి? జవాబు పొద్దున్నకల్లా వచ్చింది. కొత్తగా ఏమీ చెయ్యకు. కిటికీ ఎటుందో చూసుకో. కళ్ళ మీద ఫోకస్ పెట్టు. ఆమె ఊపిరి వినబడేంత దగ్గరికి వెళ్ళు. చెయ్యి వణికితే వణకనియ్యి.

వణికింది. శనివారం మంచులో, గ్యాసు దీపాల వెలుతురులో కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చిలకరిస్తున్న అక్కని, తెల్లారాక కొండ మీంచి ఎండ సంతలోకి పాకుతూంటే కరివేపాకు రెమ్మని ముక్కు దగ్గర పెట్టుకున్న అక్కని, బేరమాడే ఆవిడకి ఓ పిడికెడు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తున్న అక్కని తీస్తూనే ఉంది. అక్కా, తియ్యనా అని మొదట అడిగితే, "అడగడమేటే, నా మొగమేమన్నా గవర్మెంటాఫీసా?" అంది. కాసేపటికి అడగడం మర్చిపోయింది, భయం మర్చిపోయింది, రోడ్డు అవతలి మనిషిని మర్చిపోయింది, అంత దగ్గరికి వెళ్ళింది, ఊపిరి, లవంగం నూనె వాసన. ఆదివారం మాత్రం ప్రేమీ పట్టుచీర కట్టి, పెద్ద బొట్టు పెట్టి, వరండాలో కుర్చీ వేయించుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది. దండకి సరిపోయే ఫొటో. కళ్ళు ఆర్పకు అక్కా అన్నప్పుడల్లా ఆర్పింది. ఆ మీట ఆగలేదు. ఆగి ఉంటే ఇప్పుడు ఈ కుర్చీలో ఇలా... మొదటిసారి ఓటేసిన రోజు ప్రేమీ, రోజ్ ఒకే వరసలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడితే వసంతి వాళ్ళ వెనకే ఉంది, కెమెరా అప్పుడు బీరువాలో, పెట్టెలో, అప్పుడు తనకి తియ్యడం తెలీదు, తెలీనిదానికి బాధ లేదు. తెలిశాక పోగొట్టుకోవడమే...

"ఆంటీ, ఇటు రండి."

సగ్రెన్ కౌంటరు పలక ఎత్తి పట్టుకున్నాడు. గంట అయిందా? కుర్చీలోంచి లేచి వెళ్ళింది. అతని చేతిలో ఇంకా తడి మెరుస్తున్న ఫిల్ము పొడుగ్గా వేలాడుతోంది, గుండ్రంగా చుట్టుకుపోవాలని చూస్తోంది. ఏమీ పడకపోతే ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకటే నారింజరంగు, గాజులా, అది తెలుసు ఆమెకి, పాఠంలో బొమ్మ ఉంది. కళ్ళు మూసుకోబోయి, ప్రేమీలా ఆర్పకు అని తనని తానే గసురుకుని చూసింది. అతను దాన్ని దీపపు పలకకి ఎదురుగా ఎత్తాడు. గళ్ళు. ఒకదాని పక్కన ఒకటి, నల్లగా, మసగ్గా, నిండుగా గళ్ళు. ముఖం ఉండాల్సిన చోట నల్లటి పొగలా, నల్ల జుట్టు చోట తెల్లగా వెలుగుతూ, అంతా తిరగబడి, అయినా ఆ ముక్కుపుడక, ఆ భుజం వంపు, ఆ పైట దోపుకున్న తీరు. కుట్టు పడింది. మొదటి నుంచి చివరిదాకా కుట్టు పడింది. వసంతి కౌంటరు పట్టుకుంది. "అయిపోయాక కూడా మీట ఆగలేదు సగ్రెన్," అంది. "మీరు మొదట్లో ఫిల్ము పాడు చెయ్యకుండా ఎక్కించారు, అందుకే చివర ఒకటి రెండు ఎక్కువొచ్చాయి," అన్నాడతను. "ఎక్కడ నేర్చుకున్నారు?" ఇంటర్నెట్లో అంది. "ఫిల్ము ఎక్కించడం ఇంటర్నెట్లో నేర్పుతారా?" అని అతను ఆశ్చర్యపడితే, ఒకావిడ ఉంది, చాలా దూరంలో ఉంటుంది, దగ్గరికి వెళ్ళమని చెబుతుంది అని ఏదో అంది. అతనికి అర్థమై ఉండదు. అర్థం కాకపోతే ఏం, నవ్వాడు.

ఫొటోలు ఒక్కొక్కటీ మెషీను నోట్లోంచి వేడివేడిగా జారాయి. ఆదివారంవి అన్నీ చెడ్డాయి, చెడ్డాయనడానికి కూడా లేదు, పట్టుచీర బాగా వచ్చింది, చీరలో మనిషి లేదు, కళ్ళు మూసుకుని, దొరకనంటే దొరకనన్నట్టు బిగిసిపోయి. కొన్నిట్లో వసంతి చెయ్యి వణికి ప్రేమీ ఇద్దరైంది. సంత ఫొటోల్లో కొన్ని చీకటి, ఒకదాన్లో అడ్డంగా ఎవరిదో మోచెయ్యి. ఆ తర్వాత అది జారింది. ప్రేమీ నేరుగా కెమెరా మీదికి వస్తోంది, ఒక చేతిలో కొత్తిమీర కట్ట, రెండో చేతి వేలు ఎత్తి, నోరు నిండుగా తెరిచి, తిడుతోంది. ఏమని తిట్టిందో వసంతికి అక్షరం అక్షరం గుర్తుంది, "ఎదవ ఫోటోలు ఆపి కట్టలు కట్టవే, తెల్లారిపోయింది", ఆ ఎత్తిన చెంప మీద కొండ మీది ఎండ పచ్చగా పడి, కళ్ళు ఇంత స్పష్టంగా, రెప్పవెంట్రుకలు లెక్కపెట్టేంతగా, కోపం పైన ఉంటే కింద నవ్వు తన్నుకొస్తూ, వెనక మసగ్గా రోజ్ కడుపు పట్టుకుని నవ్వుతూ. నాలుక కూడా కనబడుతోంది. ఇంత చిన్నగా, ఎర్రగా. పుండు ఆ పక్కన, కనబడదు. వసంతి చూపుడువేలితో ఫొటో మీద కాదు, పైన గాలిలో, ఆ ముఖం చుట్టూ ఒక గీత గీసింది. ఇది ఉంది. ఇంక ఏం జరిగినా ఇది ఉంది. అప్పుడు ఏడుపు వచ్చింది, ఫ్యాక్టరీ మూసినప్పుడు రానిది, చీటీ ఇచ్చినప్పుడు రానిది, సగ్రెన్ కంగారుగా ఫొటోల మీద చుక్కలు పడకుండా వాటిని పక్కకి లాగాడు.

ఫోను మోగింది. అతను ఎత్తి, విని, ఆమెకి అందించాడు. వసంతి రెండు చేతుల్తో అందుకుంది. జివేష్ ఏడుస్తున్నాడు, అది ఏ ఏడుపో తెలీలేదు, "సిన్నమ్మా" అంటాడు, ఆగుతాడు, వెనకెక్కడో మైకులో డాక్టర్ని పిలుస్తున్నారు, చెప్పరా, చెప్పు అని తెలుగులో అరిచింది. "చిన్నదేనంట," అన్నాడు. "పక్కన కొంచెమే తీశారంట. దవడ ముట్టుకోలేదు సిన్నమ్మా. అంచుల దాకా చూశారంట, ఇంకేం లేదంట." మాట, మాటొస్తుందా? "కొన్నాళ్ళు ముద్దముద్దగా వస్తుందంట. తర్వాత సర్దుకుంటుందంట. ముఖం అలాగే ఉంటుంది." ముఖం అలాగే ఉంటుంది. వసంతి ఆ మాటని మళ్ళీ చెప్పించుకుంది, మూడోసారి చెప్పమంటే జివేష్ ఏడుస్తూనే నవ్వాడు. ఫోను పెట్టేశాక ఎటు నడవాలో తెలీక మెషీను వైపు నడిచింది, సగ్రెన్ చెయ్యిపట్టి తిప్పి కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. నీళ్ళు ఇంత తియ్యగా ఉంటాయా. అయితే ఈ ఫొటోలెందుకింక, ఇంత భయమెందుకు, ఇంత పరుగెందుకు, ముఖమే ఉండగా అనిపించి ఫక్కున నవ్వింది. మరుక్షణం, కాదు, ఇవీ కావాలి, అన్నీ కావాలి, ఆ మోచెయ్యితో సహా. ఆదివారం ఫొటోల్ని అన్నిటికంటే అడుక్కి తోసేసింది, దండ సంగతి తర్వాత, చాలా తర్వాత.

మార్కెట్ పక్కనుంచి టాక్సీల దగ్గరికి నడిచింది. ఎండ, చలికాలపు పల్చటి ఎండ, బత్తాయిల మీద, రేకుల మీద, తల మీద బుట్టలున్న ఆడవాళ్ళ మెడల మీద, అంతా బొమ్మలే, తియ్యాలని కూడా లేదు, ఊరికే చూడాలని ఉంది. మనుషుల్ని కుక్కుకుని సముద్రం వైపు పోయే టాక్సీ వ్యానులో కిటికీ పక్కన కూర్చుంది. పక్కన కేబేజీల సంచితో లావుపాటి జూలూ ఆవిడ, ఒళ్ళంతా కట్టెపొగ వాసన, వెచ్చగా. పాట దద్దరిల్లుతోంది. ప్రేమీకి ఇవాళ తినడానికేమీ పెట్టరు, రేపు జావ, పల్చటి పప్పుకట్టు, చింతపండు వద్దు మండుతుంది, రోజ్‌కి ఫోను చెయ్యాలి, హెలెన్‌కి రాయాలి, కిటికీ, కళ్ళు, ఊపిరి వినబడేంత... ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో. తల ఎక్కడో మెత్తటి చోట వాలింది. లేవాలనుకుంది, లేవలేదు. దూరంగా డ్రైవరు హారను కొడుతూ ఎవరిమీదో విసుక్కుంటున్నాడు, దగ్గరగా, చెవి కిందే, ఒక గొంతు అతన్ని జూలూలో దులిపేస్తోంది, నిద్రపోతోంది కనబడ్డం లేదా, ఒక్క నిమిషం ఆగితే నీ చక్రాలు అరిగిపోతాయా అని. "వుకా, మా," అంది ఆ గొంతు తర్వాత, ఎంతో నెమ్మదిగా. లే అమ్మా. వసంతి కళ్ళు తెరిచింది. ఎదురుగా ఆసుపత్రి గేటు. తన తల ఆవిడ భుజం మీద ఉంది, ఫొటోల కవరు జారి పడిపోకుండా ఆవిడ రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. తడి ఆరని చెంపలు చూసి, గేటు వైపు చూసి, ఆవిడ గొంతు తగ్గించి అడిగింది, ఎవరైనా పోయారా అని. వసంతి తల అడ్డంగా ఊపి, కవరు అందుకుని, సంతలో నేర్చుకున్న జూలూలో చెప్పింది.

"సిసీ వామి ఉఖోనా."

మా అక్క ఉంది.